ప్రళయం అన్నయ్యగారు

భూమి మీదికి ఏదో ఒకటి ముంచుకొస్తోందని తలుపు కొట్టి మరీ చెప్పకపోతే ఆయనకు పొద్దుపోదు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. బిల్డింగులో అందరూ 'ప్రళయం' అనేవారు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టే ఆమె మాత్రం గౌరవం కొద్దీ వెనకాల 'అన్నయ్యగారు' తగిలించేది.

"అమ్మా, ఓ గ్రహశకలం మనవైపే బయల్దేరిందట!"

"ఎప్పటికొస్తుంది అన్నయ్యగారూ?"

"లెక్క తేలలేదు. అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు."

"తినెయ్. ఖాళీ కడుపుతో మనం పోకూడదు."

మర్నాడు సూర్యుడి వంతు. "ఉబ్బి ఉబ్బి మనల్ని మింగేస్తాడట!"

"ఎప్పుడు?"

"ఐదొందల కోట్ల ఏళ్ళకి."

"అయితే ఈ కోటు పూర్తి చెయ్యొచ్చు."

"చెయ్యి. లైనింగు మాత్రం వెయ్యకు, ఉక్కపోస్తుంది."

గ్రహాంతరవాసులు దిగితే తలుపు తియ్యొద్దని ఇంకోరోజు గట్టిగా చెప్పాడు.

"వచ్చింది మీరని ఎలా తెలుస్తుంది?"

"దగ్గుతాను. వాళ్ళకి దగ్గు రాదు. ఏ సినిమాలోనూ చూళ్ళేదు."

ఆమెకు నవ్వొచ్చేది. నవ్వు కంటే ఎక్కువగా ఆ 'మనం' అనే మాట నచ్చేది. భర్త పోయాక ఆమెతో అందరూ 'మేం' అనేవారే. మేం ఊరెళ్తున్నాం, మేం సోఫా కొన్నాం అని చెప్పి, కొలతలిచ్చి వెళ్ళిపోయేవారు. పోయేటప్పుడైనా తనను కలుపుకుని పోయేవాడు ఆయనొక్కడే.

ఉన్నట్టుండి ఆయన రావడం మానేశాడు. ఇంట్లో మిషను చప్పుడు తప్ప మాటన్నది లేదు. వండిన అన్నం మూత తీయకుండానే చల్లారిపోయేది. ఆగలేక ఆమె బిల్డింగు సెక్రటరీని అడిగింది.

"జనాన్ని హడలగొడుతున్నాడని నేనే ఆపించానమ్మా. అయినా చిత్రం, మా ఇంటికి ఒక్కసారీ రాలేదు."

"మరి ఎవరిళ్ళకి వెళ్ళేవారు?"

"మీ ఇంటికి, పైన ఉండే ఆసుపత్రి నర్సమ్మ గదికి, కింద ఆ చూపు ఆనని పెద్దాయన దగ్గరికి..." చెబుతూ చెబుతూ సెక్రటరీ ఆగిపోయాడు. ముగ్గురూ ఒంటరివాళ్ళే. "రేపట్నుంచి మళ్ళీ కొట్టమనండి, తలుపులు" అన్నాడు మెల్లగా.

ఆమె తిన్నగా వెళ్ళి ఆయన తలుపే కొట్టింది. గదిలో ఒకటే కుర్చీ, ఒకటే కంచం. ఆయనా ఒక్కడేనన్న సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

"నిండుగా ఉన్న ఇళ్ళకి వెళ్ళరేం అన్నయ్యగారూ?"

"వాళ్ళకి మాట్లాడుకోడానికి చాలా ఉంటాయమ్మా. ఊరికే వచ్చి ఎలా ఉన్నావంటే, బాగున్నానని తలుపేసేస్తావు. ప్రళయమంటే ఎవరైనా కాసేపు నిలబడతారు."

"మరి మీ తలుపు ఎవరు కొడతారు?"

ఆయన కంచం పక్కకి జరిపి నేల చూపులు చూశాడు.

ఆమె గొంతు తగ్గించింది. "ఓ సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చాను. చంద్రుడు ఏటా కాస్త కాస్త మనకి దూరం జరిగిపోతున్నాడట. ఇలాగైతే మనం ఏమైపోతాం?"

ఆయన మొహం వెలిగిపోయింది. ఉన్న ఒక్క కుర్చీ ఆమె వైపు జరిపి, తను మంచం మీద సర్దుకున్నాడు.

"తొందరేం లేదమ్మా, మనకి బోలెడు టైముంది. కూర్చో" అన్నాడు.