మామగారి పగటి నిద్ర

“...అందరి ఇళ్ళూ చల్లబరిచి రావడానికి ఓపికుంటుంది గానీ, సొంత ఇంటికొచ్చేసరికి మాత్రం నీతులు గుర్తొస్తాయి” అంటోంది భార్య.

మెకానిక్ పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆమె గొంతు పెద్దదేమీ కాదు, సందే ఇరుకు. గొడుగు వేసుకుని నడిస్తే రెండు వైపులా గోడలకు రాసుకుంటుంది. అందుకని ఈ ఇంట్లో పుట్టిన మాట ఎదురింటి టైలరమ్మ వంటింట్లోకి వెళ్ళాక గానీ చల్లారదు. కిటికీ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ వింటోందని ఇద్దరికీ తెలిసింది. విననిమ్మన్నట్టు భార్య ఇంకో మాట కలిపింది.

“ఏసీ మెకానిక్ ఇంట్లో ఏసీ లేదంటే అక్క నవ్వదా? నాన్న మన దగ్గర ఉంటాడా?”

అసలు గొడవంతా నాన్న నిద్ర గురించి. ఆయన బేకరీలో బట్టీ మేస్త్రిగా చేశాడు. ఊరు పడుకున్నాక పిండి కలిపి, ఊరు లేచేసరికి రొట్టెలు దింపి, మధ్యాహ్నం పడుకునే మనిషి. పని మానేసి చాలాకాలమైంది గానీ ఆయన నిద్ర మాత్రం ఇంకా రిటైరు కాలేదు. ఎండ నడినెత్తికి వచ్చాకే కన్ను మూతపడుతుంది. ఇల్లాలు పోయాక ఒంటరిగా ఉండొద్దని కూతుళ్ళిద్దరూ చెరో చెయ్యీ పట్టుకు లాగితే, ఆయన ఒక్క షరతు పెట్టాడు. ఇద్దరి దగ్గరా కొన్నాళ్ళు ఉండి చూస్తాడు. ఎక్కడ నిద్ర పడితే అక్కడే స్థిరపడతాడు.

పెద్దకూతురి ఇంట్లో గదికో ఏసీ ఉంది. అక్కడ నిద్ర బాగానే పడుతోందని ఆయనే ఫోన్లో చెప్పాడు. చిన్నకూతురిది పై అంతస్తు. వేసవి మధ్యాహ్నం ఆ పడకగదిలో కొవ్వొత్తి నిలబెడితే వెలిగించకుండానే నడుం వంచుతుంది.

నాన్న తన దగ్గరే ఉండాలని ఆమె కోరిక. చిన్నప్పుడు తను బడి నుంచి వచ్చేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు, తను పడుకునే వేళకు పనిలోకి వెళ్ళిపోయేవాడు. ఒకే ఇంట్లో పెరిగినా కళ్ళు తెరిచి ఉన్న నాన్నను చూసింది తక్కువ. ఈ మాట అక్కతో ఎప్పుడూ అనలేదు. మొగుడితో ఒకసారి అంది. అతను మర్చిపోలేదు.

మర్చిపోకపోయినా ఏసీ బిగించడానికి మాత్రం ఒప్పుకోలేదు. దానికి అతని కారణం ఎక్కడో చదివినది కాదు. యంత్రానికి ముందు వైపు కూర్చునేది ఇంటివాళ్ళు, వెనక వైపు నిలబడేది అతను. లోపలి నుంచి తోడిన వేడి ఎక్కడికి పోతుందో అతని వీపుకు తెలుసు. ఒక ఇంటికి బిగించి వస్తే, ఆ సెగకు తట్టుకోలేక మరుసటి వేసవికి పక్కింటివాళ్ళు ఫోన్ చేసేవారు. వ్యాపారానికి మంచిదే. కానీ ఈ సందులో ఇంకా ఎవరికీ ఏసీ లేదు. పడకగదికి బయటి గోడ ఒక్కటే, అది సందు వైపుది. మేడ మీద యంత్రం పెట్టడానికి ఇంటి యజమాని ఒప్పుకోడు. బయటి డబ్బా గోడకు బిగించాడంటే దాని ఊపిరి తిన్నగా టైలరమ్మ పొయ్యి దగ్గరికే.

“మొదటిది నేను బిగిస్తే ఆఖరిదాకా నేనే బిగించాలి” అన్నాడు.

“కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు మాత్రం దుడ్డులా ఉండాలంటే ఎలాగండీ?”

చివరికి అతను ఒక మాట ఇచ్చాడు. మామగారు వచ్చేలోగా గదిని వేరే విధంగా చల్లబరుస్తాడు. ఆయనకు అప్పటికీ నిద్ర పట్టకపోతే తనే స్వయంగా ఏసీ బిగించి, తనే వెళ్ళి టైలరమ్మకు చెప్పుకుంటాడు.

మర్నాడు టైలరమ్మ మందపాటి గుడ్డతో పరదా ఒకటి కుట్టి పట్టుకొచ్చింది. కిటికీకి లోపల కాదు, బయట కట్టమంది. ఎందుకిస్తోందో ఆవిడా చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

మేడకు తెల్ల సున్నం వేస్తానంటే ఇంటి యజమాని వద్దనలేదు, ఖర్చు తనది కాదు కాబట్టి. మెకానిక్ సున్నంలో జిగురు కలిపి, చీపురులాంటి పెద్ద కుంచెతో పూత మీద పూత వేశాడు. మేడకి పౌడరు రాస్తున్నావా అని కింద నుంచి ఒకరిద్దరు పలకరించారు. ఎండలో చెప్పులు లేకుండా నిలబడగలిగేదాకా అతను కుంచె దించలేదు. అంతవరకు చేసింది బాగానే చేశాడు.

ఆ తర్వాతి పని దగ్గరే అతని పాత చదువు అడ్డు తగిలింది. అతను పని నేర్చుకున్నది ఐసు ఫ్యాక్టరీలో. చలి దొంగలాంటిది, సందు దొరికితే పారిపోతుందని అక్కడి పెద్ద మేస్త్రి నేర్పిన మొదటి పాఠం. తలుపు ఓరగా వదిలిన రోజున వీపు విమానం మోతే. అప్పటి నుంచీ అతనికి తెరిచి ఉన్నది ఏది కనిపించినా చేతులు ఊరుకోవు. చుట్టాల ఇంటికెళ్ళినా వాళ్ళ తలుపు తనే మూసి కూర్చుంటాడు. బస్సెక్కితే కిటికీ దించి పక్కవాళ్ళ చేత తిట్లు తింటాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇతనిది పుట్టుకతో వచ్చింది కాదు, ఐసు ఫ్యాక్టరీలో వచ్చింది. అయినా పోలేదు.

గోడల పైభాగాన ఉన్న వెంటిలేటర్లలో థర్మోకోల్ ముక్కలు కోసి దిగ్గొట్టాడు. కిటికీ రెక్కల చుట్టూ, తలుపు కింద రబ్బరు పట్టీలు అంటించాడు. మెట్ల మీది నుంచి మేడ మీదికి వెళ్ళే తలుపును కూడా వదల్లేదు. అంతా అయ్యాక తలుపు మూసి, చెవి ఆనించి విన్నాడు. గది సీసాలా బిగిసింది. భార్యతో సహా ఎవరూ ఏమీ తెరవకూడదని చెప్పాడు.

సందులో ఎదురుపడినప్పుడు టైలరమ్మ, ఈ మధ్య మీ మాటలేమీ వినిపించడం లేదు, ఇద్దరూ క్షేమమే కదా అని భార్యను అడిగింది.

మామగారు ఒక సంచీతో దిగాడు. మంచమూ బట్టల పెట్టే పెద్దకూతురి దగ్గరే ఉన్నాయి. భోజనం చేసి, కూతురు వేసిన పక్క మీద పడుకున్నాడు. కాసేపటికి చొక్కా విప్పి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. కూతురి ముఖం వాడిపోయింది. ఆయన అదేమీ చూడకుండా మళ్ళీ లోపలికెళ్ళి గోడల్ని అరచేత్తో తట్టాడు, తలుపు మూసి తెరిచాడు, వెంటిలేటర్ల వైపు తలెత్తి చాలాసేపు చూశాడు.

“ఎవరు కట్టారు అల్లుడూ ఈ గది?”

“గది పాతదే మామయ్యా. బిగింపులు నావి.”

“పనిమంతుడివి. ఇంత మంచి బట్టీ మా యజమాని దగ్గర కూడా లేదు. నిప్పు లాగేశాక కూడా ఇంకో వాయి కాలుతుంది ఇందులో.”

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. పైన సున్నం, బయట పరదా, ఎక్కడా వెంట్రుకంత సందు లేదు, ఇంక వేడి ఎలా వస్తుందని వాదించాడు. మామగారు ఓపిగ్గా విన్నాడు.

“రాకుండా మూశావు, బాగుంది. వచ్చేసింది ఎటు పోవాలి? మేం వేడి పోకూడదనుకున్నప్పుడు పొగగొట్టానికి మూత వేస్తాం. నువ్వు పోవాలనుకుంటూ వేశావు.”

మెకానిక్ తలెత్తి వెంటిలేటర్లలోని థర్మోకోల్ ముక్కల్ని చూశాడు. ఐసు ఫ్యాక్టరీలో గది మధ్యన చలిని పుట్టించే యంత్రం ఉండేది. ఇక్కడ అదే లేదు. ఇంతకాలం చలిని దాచే డబ్బాలు చేసిన చేత్తో, తెలియకుండా వేడిని దాచే డబ్బా చేశాడు. రెండింటికీ మూత ఒక్కటే.

ఆ సాయంత్రం మామగారు ఇల్లంతా తిరిగి, మెట్ల దగ్గర ఆగి, పైకి చూశాడు. ఇదిగో నీ పొగగొట్టం, కట్టి పెట్టుకుని వాడటం లేదు అన్నాడు. మెకానిక్ నిచ్చెన వేసి పడకగది తలుపు మీది వెంటిలేటర్లోంచి థర్మోకోల్ ఊడబెరికాడు. సందు కిటికీ తెరిచి, పరదాను అలాగే ఉంచాడు. చివరికి మెట్ల మీద మేడ తలుపు దగ్గర రబ్బరు పట్టీ కొస పట్టుకుని నిలబడిపోయాడు. చెయ్యి రాలేదు.

“చలి పారిపోతుందని భయమా?” అంది వెనక నుంచి భార్య. “ఉంటే కదండీ పారిపోవడానికి.”

ఆమే ఆ కొస అందుకుని పట్టీని ఒక్క గుంజు గుంజింది. తలుపు తెరిచి, దోమలు రాకుండా జాలీ బిగించారు. గాలి కదులుతోందో లేదో చూడాలని మామగారు వంటింట్లోంచి గుప్పెట్లో పిండి తెచ్చి, కిటికీ దగ్గర వేళ్ళ మధ్య నుంచి వదిలాడు. ఆ తెల్లటి దుమ్ము గది మధ్యకు వచ్చి, కాసేపు తచ్చాడి, పైకి లేచి, తలుపు మీది వెంటిలేటర్లోంచి మెట్ల వైపు దూరింది. మామా అల్లుళ్ళిద్దరూ దాని వెంట నడిచారు. అది కూతురు అప్పుడే తుడిచిన మెట్ల మీద పడింది. ఇద్దరికీ కలిపి తిట్లు పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ పనిలోంచి మధ్యలో ఇంటికొచ్చి థర్మామీటరు చూశాడు. అంకె కొద్దిగానే దిగింది. పెదవి విరిచాడు. అయితే లోపలికి అడుగు పెట్టగానే మెడ మీది చెమటకు గాలి తగిలింది. మామగారు ఒక చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

కిటికీ తెరిచారు కాబట్టి గాలితో పాటు టైలరమ్మ మిషను చప్పుడూ వస్తోంది. నాన్న లేస్తాడని భార్య వంటింట్లోకి పరిగెత్తింది. వంటింటి కిటికీలోంచి చెయ్యూపి, చెంప కింద అరచెయ్యి పెట్టి సైగ చేసింది. టైలరమ్మ అర్థం చేసుకుని మిషను ఆపింది.

మామగారు కళ్ళు తెరిచాడు.

“ఎందుకమ్మా ఆపేసింది?”

కూతురు తడబడుతూ చెప్పింది. ఆయన లేచి కూర్చుని నవ్వాడు. మన పాత ఇంట్లో గోడ అవతలే కదా బేకరీ పిండి మిషను తిరిగేది, అది ఆగిందంటే ఏదో పాడైందని లేచి పరిగెత్తేవాణ్ణి అన్నాడు. మరి అక్క వాళ్ళింట్లో ఎలా పట్టిందని ఆమె అడిగింది.

“అక్కడా పడుతుంది. లేచాక మాత్రం పగలో రాత్రో, ఎక్కడున్నానో తెలియదు” అన్నాడు. కూతురు సైగతో మిషను మళ్ళీ మొదలైంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం పెద్దకూతురు ఫోన్ చేసింది. మరిదిగారి ఇంట్లో నాన్న ఉడికాడా, వేగాడా అని నవ్వుతూ అడిగి, ఆదివారం కారు పంపిస్తానంది. చెల్లెలు జవాబు చెప్పకుండా ఫోన్ తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టి, అక్కడే నిలబడింది. మెకానిక్ చేతులు కడుక్కుంటున్నవాడు కుళాయి కట్టేశాడు.

“కారొద్దమ్మా, చిన్న లారీ ఏదైనా మాట్లాడి నా మంచమూ, బట్టల పెట్టే ఇక్కడికి పంపించెయ్యి” అన్నాడాయన. “వానలు పడ్డాక నీ దగ్గరికొచ్చి నెల్లాళ్ళుంటాను. నిద్రకి కాదు, నిన్ను చూడ్డానికి.”