ఉప్పు గోతంలో ఊరి మట్టి

సముద్రం ఎక్కడో ఆమడల దూరంలో ఉండగానే ఒక ఊరి నల్లరేగడి మొత్తాన్ని నాలుగు రోజుల్లో చౌడు భూమిగా మార్చేసిన ఘనుణ్ణి నేను. నవ్వకండి, ప్రభుత్వ కాగితాల మీద నిజంగానే మారింది.

ఎనభైల నాటి మాట. భూసార పరీక్ష కేంద్రంలో కొత్తగా చేరాను. వ్యవసాయం, నీటిపారుదల, రెవెన్యూ శాఖల వాళ్లు మొట్టమొదటిసారి ఒకే బల్ల చుట్టూ కూర్చుని, చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్లో ఏ చేను పత్తికి పనికొస్తుందో, ఏది ఉప్పు తేలిన చౌడో తేల్చాలనుకున్నారు. చౌడని తేలితే ఆ ఏడు ఆ రైతుకి సర్కారు పత్తి విత్తనాలు రావు. మట్టి తెచ్చే పని నాది.

తెచ్చాను కూడా. కాకపోతే మట్టి పోసే గుడ్డసంచుల కట్టని బస్సులోనే వదిలేసి దిగాను. వెనక్కి వెళ్తే పరువు పోదూ? ఊళ్లో కొట్టు మస్తాన్ గారిని ఖాళీ గోతం అడిగాను.

"ఉప్పు గోతం ఉంది బాబూ. బాగా దులుపుకో."

"మట్టికేగా మస్తాన్ గారూ, కూరకా ఏంటి?"

నా తెలివికి నేనే మురిసిపోయి, గోతాన్ని ముక్కలు కోసి, తొలకరికి తడిసిన మట్టిని పన్నెండు మూటలు కట్టాను. నాలుగు రోజులు అలాగే ఉంచి, ఆరబోసి, బుద్ధిమంతుడిలా పళ్లాల్లో సర్ది లాబ్‌లో మా కెమిస్టు మేడమ్‌కి ఇచ్చాను.

పన్నెండూ చౌడే అని రిపోర్టు వచ్చింది! నీటిపారుదల ఇంజనీరు గారు "నే చెప్పలా, మురుగు కాలవ తవ్వాలని?" అన్నారు. వ్యవసాయాధికారి గారు "జిప్సం చల్లాలి, నేనెప్పుడో అన్నా" అన్నారు. తాసిల్దారు గారు చౌడు చేల జాబితా రాసేశారు. ఏనాడూ ఒక మాట మీద నిలబడని ముగ్గురూ ఆ రోజు ఏకమయ్యారు. అదంతా నా ఉప్పు మహిమేనని అప్పటికి నాక్కూడా తెలియదు.

జాబితా చదవడానికి అందరం ఊరికి వెళ్లాం. చర్చి ముందు పందిరి వేశారు. మొదటి పేరు దేవదానం గారిది. ఊరందరి చేలల్లో కూలి చేసి, ఆ ఏడే సొంతంగా రెండెకరాల పట్టా అందుకుని, మొదటి పత్తి వేయబోతున్న మనిషి. పేరు వినగానే లేచారు.

"చౌడా? నా చేనా? మా నాయన కాడి నుంచి అందులో చాకిరీ చేశామండీ. దాని రుచి నాకు తెలవదా?"

పరుగున చేనికి వెళ్లి గుప్పెడు మట్టి తెచ్చి, చిటికెడు నోట్లో వేసుకున్నారు. "మీరూ చూడండి!" అని చేయి చాపారు. మా కెమిస్టు మేడమ్ తనూ చిటికెడు నాలిక మీద వేసుకున్నారు. ఆవిడ వేశాక మిగతావాళ్లకి తప్పుతుందా! నలుగురు అధికారులూ పందిరి కింద మట్టి చప్పరించారు.

"ఉప్పు లేదే!" అన్నారు ఇంజనీరు గారు, కూర గురించి అన్నట్టు.

మేడమ్ నా వైపు తిరిగారు. "శాంపిళ్లు దేంట్లో తెచ్చావయ్యా?"

"అంటే... మేడమ్... సంచుల్లాంటి వాటిల్లో..."

జనంలోంచి మస్తాన్ గారు గర్వంగా లేచారు. "మా కొట్లో ఉప్పు గోతమండీ! నేనే ఇచ్చా. దులుపుకోమని కూడా చెప్పా!"

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. "తప్పు నాదేనండీ, చేలది కాదు" అన్నాను.

జాబితా చింపేశారు. దేవదానం గారే దగ్గరుండి మళ్లీ మట్టి తీయించారు. ఆయన చేను పత్తికి భేషని తేలింది. ఉప్పు, ఎరువు గోతాల్లో మట్టి తేరాదని మూడు శాఖలూ కలిసి ఆదేశం పంపాయి. ఈ దేశ భూవిధానానికి నేను చేసిన సేవ అదొక్కటే.

పత్తి విచ్చుకున్నాక ఆ చేను చూడ్డానికి భయపడుతూ వెళ్లాను. తెల్లగా నవ్వుతోంది. మరియమ్మ గారు, దేవదానం గారి భార్య, పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. తాగితే చప్పగా ఉంది.

"ఉప్పు మర్చిపోయినట్టున్నావమ్మా."

"మర్చిపోలేదండీ" అంది ఆవిడ నెమ్మదిగా. "తమరొస్తున్నారుగా, వెంట తెస్తారని వెయ్యలేదు."

ఆ గ్లాసు పట్టుకుని, భూదేవి సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ గోతాన్నయినా ముందు నాకి చూడనిదే అందులో మట్టి పోయను.