బాపుతో అనని మాట

అమ్మ సంవత్సరీకానికి జనగామలో అన్న ఇంట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక మా అమ్మాయి, "నానమ్మకు నేనంటేనే ఎక్కువ పానం. ఎవలకు చెప్పకన్నది" అంది.

"నాకు గూడ గట్లనే చెప్పింది" అన్నాడు అన్న కొడుకు. అక్క నవ్వేసింది. ఆమెకూ, నాకూ కూడా అమ్మ అదే మాట రహస్యంగా చెప్పింది.

మా నవ్వుల మధ్య మా నాన్న, బాపు, మెల్లగా, "నాతోని ఎన్నడన్లే" అన్నాడు.

అక్క వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు పొలం బాయికాడికెల్లి వచ్చేదాంక అమ్మ ఒక్కనాడన్న బువ్వ తిన్నదా, బాపూ?"

"తినలే బిడ్డా. కొత్తల కోపం జేసిన, అయినా తినకపోయేది."

తువాలతో కళ్లు తుడుచుకుని, పెళ్లయిన కొత్తలో అమ్మ ఎలా ఉండేదో చెప్పసాగాడు. మేమెరగని ఆ పడుచుపిల్లను ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది.