ఇంకోటి చూపెట్టు

మా సోమక్క జన్మలో ఏదీ ఒక్కటి చూసి తీసుకోలేదు. వంకాయైనా, వాచీ అయినా, ఆఖరికి పెళ్లికొడుకైనా ఆమె నోట వచ్చేది ఒకటే మాట: "ఇంకోటి చూపెట్టు." పెళ్లిచూపులకు తొమ్మిదిమంది వచ్చి వెళ్లాక, "సరే, గా మొదటాయన్నే పిలువుండ్రి" అన్నది. ఆ మొదటాయనే మా బావ.

హనుమకొండలో నాది బట్టల దుకాణం. తోడబుట్టిన అక్క వచ్చిందని సంతోషించే యోగం నాకు లేదు. వారానికోసారి వచ్చి పరుపు మీద కూర్చునేది. ఒంటరిగా ఎప్పుడూ రాదు. బజారులో కనబడ్డ ఎవరో ఒక ఊరామెను "జర తోడు రా" అంటూ వెంటేసుకొచ్చేది.

"తమ్మీ, గా పై అరలది దించు."

దించేవాణ్ని.

"రంగు పోతదా?"

"పోదక్కా."

"ఇంకోటి చూపెట్టు."

నలభై చీరలు గుట్టపడ్డాక, మొదటిది చంకన పెట్టుకుని లేచేది. మళ్లీ మడతలు పెట్టలేక నా నడుం పడిపోయేది. వెంట వచ్చినామె మాత్రం ఆ గుట్టలోంచి ఒకటి ఏరుకుని మురిసిపోతూ వెళ్లేది. నా ఏడుపులో నేనుండి దాన్ని పట్టించుకోలేదు.

1984లో అక్కకు రొమ్ములో గడ్డ కనబడింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఇంటిల్లిపాదీ ఏడ్చాం. "గడ్డ పోయింది, నేనున్న. ఇంక ఫికరెందుకు?" అని ఆమే మమ్మల్ని ఓదార్చింది.

కుట్లు విప్పే రోజు నేనే తోడు వెళ్లాను. మా బావ దవాఖాన వాసనకే కళ్లు తిరిగి పడే మనిషి. గదిలో అక్క పక్కన బక్కమ్మ కూర్చుంది. తొర్రూరు దిక్కున పత్తి ఏరుకుని బతికే ఆమెకూ అదే వారం అదే ఆపరేషన్ అయింది. డాక్టర్ సావిత్రి గారు ఆమె గాయం చూసి, "మానింది, ఇంటికి పో" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బక్కమ్మ కొంగును ఎద మీదికి గట్టిగా లాక్కుని, తల దించుకుని లేవబోయింది. అక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"జర ఆగు. నాకు తోడుండు."

డాక్టర్ గారు అక్క వైపు తిరిగారు. "మీరు ఇట్లనే ఉండొచ్చు. ఆరోగ్యానికి ఏం ఇబ్బంది లేదు."

"ఇంకోటి చూపెట్టు బిడ్డా."

డాక్టర్ గారికి అర్థం కాలేదు. నాకు అయింది. తల పట్టుకున్నాను.

"రవిక లోపల పెట్టుకునే మెత్త ఉంటది."

"ఇంకోటి?"

"హైదరాబాద్ సర్కారు దవాఖానల ఆపరేషన్ చేసి, లోపల చిన్న సంచి లాంటిది పెడతరు."

"పాడైతదా?"

"కావచ్చు. అప్పుడు మళ్ల కోసి తియ్యాలె."

"ఇంకోటి?"

"వీపు కండ తెచ్చి ముందట కుడతరు. రెండు దిక్కుల కోత. నొప్పెక్కువ, మానేటందుకు శాన దినాలు పడతది."

"మానినంక పత్తి ఏరొచ్చా?"

నేను ఉలిక్కిపడ్డాను. మా అక్క ఏనాడూ పత్తి చేనులో కాలు పెట్టలేదు.

"నిమ్మలంగ మొదలుపెట్టొచ్చు," అన్నారు డాక్టర్ గారు.

గంట గడిచింది. బయట రోగులు తలుపు బాదుతున్నారు. అక్క కొంగు సర్దుకుని లేచింది. "నాకు గా మొదటిదే బాగుంది. ఇట్లనే ఉంట."

"మరి గంటసేపు ఎందుకడిగిండ్రమ్మా?" డాక్టర్ గారి గొంతు పెరిగింది.

అక్క బక్కమ్మ వైపు చూసింది. డాక్టర్ గారూ చూశారు. మెత్తగా అడిగారు, "నీకు మెత్త రాసియ్యనా?"

బక్కమ్మ మొదటిసారి తల ఎత్తింది. "గదొద్దు డాక్టరమ్మా. ఇంకోటి చూపెట్టుండ్రి. గా వీపు కండది."

డాక్టర్ గారు నవ్వేశారు. కాగితం తీసి బొమ్మ గీసి చూపించడం మొదలుపెట్టారు.

తిరుగుదారిలో రిక్షాలో అడిగాను, "అక్కా, నా దుకాణంల గూడ ఇందుకేనా?"

"మట్టికాళ్లతోని వచ్చినోళ్లకు నువ్వు కింది అరలయే చూపెడతవ్. వాళ్లు నోరు తెరిచి అడగరు. నాకు నోరున్నది, అడుగుత."

అది మా వ్యాపారపు రివాజు. తప్పని ఎప్పుడూ అనిపించలేదు. ఆ రోజు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి ఏడు బక్కమ్మ హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని, నిటారుగా నడిచి నా దుకాణానికి వచ్చింది. తోడు ఎవరూ లేరు. ఆమె అడగకముందే పై అర దించాను.

"రంగు పోతదా?"

"పోదమ్మా."

"ఇంకోటి చూపెట్టు."

నలభై అయ్యాయి. అలవాటు కొద్దీ మొదటి చీర తీసి కాగితంలో చుట్టబోయాను.

"గదెందుకు?" అన్నది బక్కమ్మ. "నాకు ముప్పై ఏడోది కావాలె!"