నంబరు బుట్టకా, రైతుకా?

మీరంతా కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేస్తారు కదా. ఎనభైల చివర్లో మదనపల్లెలో నేనూ ఆ పనే చేశానని ఫోన్లో చెబితే నవ్వారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు నాయనా.

పట్టుగూళ్ల మార్కెట్ లెక్కలకు ప్రోగ్రాం రాయమని ఒక ఆఫీసు మమ్మల్ని ముగ్గురిని తాత్కాలికంగా పెట్టుకుంది. పుంగనూరు నుంచి బస్సులో వచ్చే భాయ్, నేను తమ్ముడూ అని పిలిచే కుప్పం కుర్రాడు, నేను. రైతు గూళ్లు తెచ్చి దించే భాగం రాయడం నాది. వేలం పాట భాయ్‌ది. తూకం, చెల్లింపు తమ్ముడిది. ఈ మూడింటినీ కలిపేది సరుకుకు ఇచ్చే నంబరు ఒక్కటే. విడివిడిగా అన్నీ బాగానే నడిచేవి. కలిపితే ఒకరి గూళ్లు ఇంకొకరి పేరున పడేవి. సోమవారానికి నడవకపోతే కంప్యూటర్ మిషన్ వెనక్కి పంపేస్తానన్నాడు ఆఫీసరు. మిషన్ పోతే మేమూ పోయినట్టే. మీ తాత, అంటే మా నాయన, అప్పటికే నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. ఇంట్లో జీతం నాదొక్కటే.

శనివారం మాటా మాటా పెరిగింది.

"నా దాంట్లో తప్పు లేదక్కా. భాయే ఏందో చేసినాడు."

"సూడకుండానే మాట్లాడతాండావు కదప్పా నువ్వు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పాత క్యాలెండర్ చించి తలా ఒక కాగితం ఇచ్చాను.

"ఇంక మాటలొద్దు. రైతు పొద్దున వచ్చి సాయంత్రం పోయేదాకా బొమ్మలు గీయండి. నంబరు యాడుంటాదో ఆడ ఎర్రగా రాయండి."

"మా పాపకిస్తే నాకంటే బాగా గీస్తాదమ్మా," అన్నాడు భాయ్. అయినా గీశాడు.

మూడూ గోడకు అంటించాం. నా బొమ్మల్లో నంబరు బుట్ట మీద ఉంది. తమ్ముడి బొమ్మల్లో రైతు తలపాగా మీద. భాయ్ దాన్ని గూళ్లు కొనే వ్యాపారి చొక్కా మీద రాశాడు.

"ఒకే రైతు మూడు బుట్టలు తెచ్చి ఇద్దరికి అమ్మితే?" అన్నాడు తమ్ముడు మెల్లగా.

అప్పుడు అదే నంబరు నాకు బుట్ట, తమ్ముడికి రైతు, భాయ్‌కి వ్యాపారి. ఇన్ని నెలలూ ముగ్గురం మూడు వేరే కథలు రాస్తూ కూర్చున్నాం. తప్పు దొరికింది కానీ దిద్దే టైము లేదు.

సోమవారం ఆఫీసరుకు మిషన్ బదులు గోడ చూపించాను. ఆయన ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చూశాడు.

"ఇది ముందే యాల గీయలేదమ్మా?"

"తోచలేదు సార్."

"ఒక వారం ఇస్తాండాను. మల్లా అడగొద్దు."

అంతా తీసేసి మొదటి లైను నుంచి రాయాలి. వారం చాలదని ముగ్గురికీ తెలుసు. భాయ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పమ్మా, నంబరు బుట్టకే కదా?"

అవును, ఒక బుట్టకు రైతూ ఒకడే, కొనేవాడూ ఒకడే అన్నాను.