ఫోటోల రోజు

రాజోలు దగ్గర ఓ పేటలో పాస్టరు రత్నరాజు గారూ, ఆయన భార్య సువార్తమ్మ గారూ కలిసి బీదపిల్లల బడి నడుపుతున్నారు. ప్రార్థన అయ్యగారిది, పెత్తనం అమ్మగారిది. వాళ్ల సొంత పిల్లలిద్దరూ మాత్రం పొద్దున్నే టై కట్టుకుని అమలాపురం బస్సెక్కుతారు. నెలకోసారి విదేశాల్లో ఉన్న దాతలకి ఫోటోలు పంపాలి. ఆ రోజు అమ్మగారు తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. తల్లులు శ్రద్ధగా రాసి పంపిన పౌడరంతా తుడిచేసి, నూనె పెట్టి దువ్విన జుట్టు తన చేత్తోనే చెరిపేస్తారు. "నవ్వకమ్మా, నవ్వితే ఎవరు జాలిపడతారు?" అంటారు, ఎంతో ప్రేమగా. పిల్లలకీ అలవాటైపోయింది. ఆవిడ చేతిలో సెల్లు కనపడితే చాలు, చెప్పులు వాళ్లే విప్పేస్తారు.

మొన్న మూడో తరగతి కెజియా వాళ్లమ్మ దీవెన కువైట్ నుంచి సెలవు మీద దిగి, తిన్నగా బడికే వచ్చింది. బడివాళ్ల ఫేస్‌బుక్‌లో తన కూతురి ఫోటో కింద 'తల్లి లేని బిడ్డ' అని రాసుండటం అక్కడ చూసిందట. "నేను బతికే ఉన్నానండి అమ్మగారూ!" అంది, సెల్లులో ఆ ఫోటో చూపిస్తూ. అమ్మగారు ఏమాత్రం తడబడలేదు. కళ్లు మూసుకుని రెండు చేతులూ పైకెత్తేరు. "స్తోత్రం ప్రభువా! మా మొర ఆలకించి తల్లి లేని బిడ్డకి తల్లిని దయచేశావు!" తర్వాత కళ్లు తెరిచి, దీవెనని ఎగాదిగా చూసేరు. "ఆ బంగారు గాజులు తీసి సంచీలో పెట్టుకోమ్మా, ఫోటో తీద్దాం." కెజియా అప్పటికే కింద కూర్చుని, వాళ్లమ్మ చెప్పులు విప్పుతోంది.