గేటు ముందు ఒప్పుకున్న తప్పు

కాశీబుగ్గలో బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కుకి ఘాటుగా తగులుతుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు పార్వతీశం మేష్టారు గుర్తొస్తారు. ఆయన నందిగాం వైపు రైతుబిడ్డ, టెక్కలి డిగ్రీ కాలేజీలో మాకు సోషియాలజీ చెప్పేవారు. ఆయనకీ ఆ పొగకీ ముడి పడింది జీడి ఫ్యాక్టరీలో పనిచేసిన మా అమ్మ వల్ల.

నేరం గురించిన పాఠం మొదలుపెట్టిన రోజు ఆయన పుస్తకం తెరవలేదు. "ఫ్యాక్టరీ నుంచి కొంగున కట్టి తెచ్చిన పప్పు తిన్నోళ్ళు సెయ్యెత్తండి," అన్నారు. పలాస వైపు నుంచి వచ్చేవాళ్ళమంతా నవ్వుకుంటూ ఎత్తేశాం. విరిగిన బద్దలు గుప్పెడు ఇంటికి తెచ్చుకోవడం ఆడకూలీలకి అలవాటు, చూసీ చూడనట్టు ఊరుకోవడం సూపర్‌వైజర్లకి అలవాటు. "మరి మీలో దొంగలిల్లు ఎవలిది?" అన్నారు. చేతులన్నీ దిగిపోయాయి. "సేసినోళ్ళందరూ దొంగలవరర్రా. అందరిలోంచీ ఒకల్ని ఏరి ఆ పేరెడతాం." పరీక్షలో పనికొస్తుందని రాసుకున్నాను.

ఆ ఏడే అమ్మ పట్టుబడింది. పని వదిలాక ఆడవాళ్ళు గేటు దగ్గర కొంగు దులిపి చూపించాలి. ఆవేళ యజమాని ఏ చిరాకులో ఉన్నాడో, తనే వచ్చి నిలబడ్డాడు. వరసలో ముందున్న అమ్మ కొంగులోంచి బద్దలు రాలాయి. పోలీసుల దాకా పోలేదు గానీ పని పోయింది. మిగతా ఫ్యాక్టరీలకి కబురు ఆమెకంటే ముందే చేరింది. వీధిలో ఎవరి కోడి కనబడకపోయినా చూపులు మా గుమ్మం మీదే వాలేవి. నాన్న లేని ఇల్లు మాది. నేను కాలేజీ మానేశాను.

మేష్టారు వెతుక్కుంటూ వచ్చారు. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "నోపలికి రాకండి బాబూ, మీకూ పేరొత్తాది."

ఆయన అరుగు మీదే కూర్చున్నారు. "మా ఊళ్ళో తప్పు సేసినోడు పెద్దల ముందు ఒప్పుకుంటాడమ్మా. అక్కడే అందరితో కలిసి అన్నం తింటాడు. మర్నాటి నుంచి ఆ మాటెత్తినోడిదే తప్పు. మీ యజమాని నాకు బావే. నాను మాటాడతాను, నువ్వొకసారి ఒప్పీసుకో."

"అందరూ తెచ్చీదే కదా బాబూ. నానొక్కదాన్నీ ఏటని ఒప్పుకోను?"

"పనిచ్చేత్తాడు తల్లీ. నీ గుంట సదువుకోవాల."

నా చదువు మాట వచ్చాక అమ్మ సరేనంది. మర్నాడు పని వదిలే వేళ, అందరూ చూస్తుండగా గేటు ముందు చేతులు జోడించింది. "తప్పయిపోనాది," అంది. మేష్టారి ఊళ్ళో అయితే ఆ మాట తరవాత విస్తళ్ళు పరుస్తారు. ఇక్కడ గేటు మూశారు. "బావా, మరి పని?" అన్నారు మేష్టారు కంగారుగా. "దొంగనని తనే సెప్పినాక ఎలాగెట్టుకోను బావా? రేపు మిగతావోళ్ళకి బయ్యముండద్దా?" అన్నాడు యజమాని, కోపమేమీ లేకుండానే. సమాజం గురించి అన్ని పుస్తకాలు చదివిన మనిషికి ఊరు వేరు, గేటు వేరు అని తట్టలేదు. అప్పటిదాకా గుసగుసలాడినవాళ్ళు ఆ రోజు నుంచి బాహాటంగా పప్పుదొంగ అన్నారు. మేష్టారి మీద నాకు కోపం వచ్చింది. ఆయన్ని ఎంత అభిమానించినా అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నన్ను మళ్ళీ కాలేజీలో కూర్చోబెట్టింది ఆయనే. ఏటా ఆ పాఠం దగ్గర "ఇక్కడ నాను ఒక తప్పు సేసినాను" అని పిల్లలకి చెప్పేవారట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా తలొంచుకుని కూర్చునేవారు. "బాదపడకండి మేట్టారూ, మంచి సేద్దామనే కదా," అని అమ్మే ఆయన్ని ఓదార్చేది.

అమ్మ పోయిన రోజు వీధంతా వచ్చింది, ఏడ్చింది కూడా. కొత్తగా కాపరానికి వచ్చిన ఒక అమ్మాయి "పాపం, పప్పుదొంగ సచ్చిపోనాదా!" అంది. అందులో వెటకారం లేదు, ఆ పిల్లకి వేరే పేరు తెలియదు. కర్ర ఊతగా నిలబడ్డ మేష్టారు ఆమె వైపు తిరిగి, "ఆవిడ పేరు దమయంతి, అమ్మా," అన్నారు. అందరికీ వినబడేలా మరోసారి అన్నారు.

ఇప్పుడు ఆయనా లేరు. నేను పలాస కోర్టులో డబ్బులేని ముద్దాయిల తరఫు వకీలుని. "పాత దొంగే మేడం," అంటూ కానిస్టేబుళ్ళు మనుషుల్ని తెస్తుంటారు. ఏం చేశావని అడిగే ముందు నేను పేరు అడుగుతాను. కొందరు వెంటనే చెప్పలేరు.